కయ్యమునుండి వియ్యమునకు

“కయ్యమునకైనను వియ్యమునకైనను సమ ఉజ్జీ కావలెను” అని మన పెద్దల మాట. పోట్లాడుటకును పెండ్లాడుటకును ఒకే యోగ్యతను నిర్ణయించిన ఆ లోకజ్ఞత మెచ్చదగినది. సాటి కానివానితో మనము పోట్లాడము. ఊరకుందుము, లేదా లొంగిపోవుదుము. పోట్లాడుచున్నామనగా ఎదుటివానితో సమానముగా నిలిచియున్నామనియే అర్థము. ఈ చిన్న సామెతను చేతబట్టుకొని మేము నేడు శ్రోతలను ఒక దూరదేశపు కథాలోకమునకు కొనిపోదలచితిమి.

ఫిలిప్పీన్సు ద్వీపములలో సాయంకాలము టెలివిజన్ ముందు కూర్చుండు కుటుంబములకు మిక్కిలి పరిచితమైన కథ ఒకటి కలదు. నాయకుడు ధనికుని కుమారుడు, అహంకారి. నాయిక పేదపిల్ల, కాని మాట పడునది కాదు. తొలి కలయికలోనే ఇరువురకును తగవు వచ్చును. ఎత్తిపొడుపులు, పంతములు, ప్రతీకారములు సాగును. కొన్ని వారములు గడచుసరికి ఒకరిని విడిచి ఒకరు ఉండలేని స్థితి ఏర్పడును. ఇట్టి జంటను అచ్చటివారు ‘ఆసోట్ పూసా’ అందురు. కుక్కయు పిల్లియు అని దాని అర్థము. మనము పామును ముంగిసను చెప్పుకొనునట్లు. ఆ జంట కనుచూపులు కలిసిన క్షణమున ప్రేక్షకునికి కలుగు పులకింతకు వారి పేరు ‘కిలిగ్’. ఈ మాటను 2016లో ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువు కూడ తనలో చేర్చుకొన్నది.

ఇది నేటి యువజనుల వినోదము మాత్రమేనని తోసివేయుట సులభము. కాని ఒక జాతి ఒకే కథను పదే పదే చెప్పుకొనుచున్నపుడు, ఆ కథలో ఆ జాతికి తీరని ప్రశ్న ఏదియో దాగియున్నదని చరిత్ర చదివినవారు గ్రహింపవలెను. ఆ ప్రశ్న ఏమో వెదకుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఫిలిప్పీన్సు మనకు బొత్తిగా అపరిచితమైన దేశము కాదు. 1960లో అచ్చటి లాస్ బాన్యోస్‌లో స్థాపింపబడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన ఐ.ఆర్.8 వంగడమును మన గోదావరి రైతు లెరుగుదురు. ఇటీవలి సంవత్సరములలో తెలుగు విద్యార్థులు పలువురు వైద్యవిద్యకై అచ్చటి దవావో నగరమునకు పోయిరి. ఏడువేలకు పైబడిన ద్వీపములు గల ఆ దేశము మూడు శతాబ్దములకు మించి స్పెయిన్ పాలనలో నుండి, 1898లో అమెరికా వశమై, నడుమ జపాను ఆక్రమణను చవిచూచి, 1946లో స్వతంత్రమైనది. ఈ పాలనల ముద్రలన్నియు దాని కథలపై పడియున్నవి.

స్పెయిన్ వారు తమ మతముతోపాటు తమ నాటక సంప్రదాయమును కూడ తెచ్చిరి. దక్షిణ ద్వీపములలోని మహమ్మదీయ సుల్తానులతో వారికి చిరకాలము యుద్ధములు సాగినవి. 1637లో, సుల్తాన్ కుదరాత్‌పై తమ సేనలు సాధించిన విజయమును కీర్తించు నాటకమొకటి మనీలాలో ప్రదర్శింపబడినది. కాలక్రమమున ఈ వస్తువు పల్లెలకు ప్రాకి, ‘కొమెద్యా’ అనియు ‘మొరో-మొరో’ అనియు పేరొందిన పద్యనాటకమైనది. ఊరి రక్షకుడైన సాధువు యొక్క ఉత్సవ సమయమున దానిని కొన్ని తావుల దినములకొలది ఆడెడివారు. రెండు రాజ్యములు, రెండు మతములు, కత్తియుద్ధములు. ఆ నడుమ ఒక పక్షపు రాకుమారుడును మరియొక పక్షపు రాకుమారియు ప్రేమలో పడుదురు. శత్రుపక్షమున ప్రియజనము గల కథ ఆ దేశపు రంగస్థలమున ఇట్లు పాదుకొన్నది. అయితే చిక్కు విడిపోవు విధము గమనింపదగినది. ప్రాయికముగా మహమ్మదీయ పాత్ర క్రైస్తవ మతమును స్వీకరించుటయో మరణించుటయో జరుగును. లొంగుట ఎల్లప్పుడును ఒకే పక్షమువారి వంతు. అది పాలకుని మనస్సునకు తగిన ముగింపు.

ఈ ముగింపును ప్రశ్నించిన మహాకవి ఫ్రాన్సిస్కో బలగ్తాస్. ఆయన 1788లో జన్మించి 1862లో మరణించెను. 1838లో వెలువడిన ఆయన కావ్యము ‘ఫ్లొరాంతే–లౌరా’ తగలోగ్ భాషలో చిరస్థాయిగా నిలిచినది. నేటికిని అచ్చటి ఉన్నత పాఠశాల విద్యార్థులు దానిని చదువుదురు. అందు క్రైస్తవ వీరుడైన ఫ్లొరాంతే అడవిలో చెట్టునకు కట్టబడి సింహములకు ఆహారము కానున్నపుడు, అతనిని రక్షించువాడు పారశీక రాకుమారుడైన అలాదిన్. మతమునుబట్టి చూచిన ఇరువురును శత్రువులు. కాని అలాదిన్ ఆ కట్లను తెగగోయును. ఇచ్చట వైరము తొలగినది ఒకరి లొంగుబాటువలన కాదు, ఒకరు చేసిన ఉపకారమువలన. ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొందురుగాక. మన కథ దీనిమీదనే నడచును.

రంగస్థలమును విడిచి గృహజీవితమునకు వత్తము. పూర్వము తగలోగ్ పల్లెలలో యువకుడు ఒక కన్యను కోరినచో, వెంటనే పెండ్లిమాట యెత్తుటకు వీలులేదు. అతడు ఆమె ఇంటికి పోయి కొంతకాలము ఊడిగము చేయవలెను. నీరు తోడవలెను, కట్టెలు కొట్టవలెను, ధాన్యము దంచవలెను, పొలము పనులలో సాయపడవలెను. ఈ ఆచారమును ‘పనినిల్బిహాన్’ అందురు. సేవ చేయుట అని దాని అర్థము. ఆ కాలమందు కన్య తన ఇష్టమును పైకి చూపరాదు. చూపు తిప్పుకొనవలెను, బెట్టు చేయవలెను. ఆ బెట్టునకు ‘పకిపొత్’ అని పేరు. అనగా, వలపునకు ముందు ఒక నిరాకరణ కాలము, ఆ కాలమందు పురుషుని శ్రమ, ఆ శ్రమను కొలుచు స్త్రీ దృష్టి: ఈ మూడును ఆ సమాజమున నియమములే.

మాటల పోరు కూడ వారికి కొత్త కాదు. మృతుని ఇంట జాగరణ రాత్రులందు బంధుమిత్రులు ‘దుప్లో’ అను పద్యక్రీడ నాడెడివారు. రాజుగారి పక్షి పోయినదని ఒక నెపము కల్పించి, పురుషులును స్త్రీలును ఒకరిపై ఒకరు నేరమారోపించుకొనుచు ఆశువుగా వాదించెడివారు. దుఃఖగృహమున చమత్కారము వెలిగించు ఈ క్రీడయందు స్త్రీకి పురుషునితో సమానమైన వంతు కలదు. ఆ సంప్రదాయమునుండియే 1924 ఏప్రిల్ 6వ తేదీన మనీలాలో ‘బలగ్తాసన్’ అను కవితావాదము పుట్టినది. బలగ్తాస్ కవి పేరిట వెలసిన ఆ తొలి సభలో హోసే కొరజోన్ దె హేసూస్, ఫ్లొరెంతీనో కొల్యాంతెస్ అను కవులు తలపడిరి. నడుమ ఒక మధ్యవర్తి కూర్చుండును. సభ్యులు చప్పట్లు చరతురు. మన అవధాన సభల నెరిగినవారికి ఆ ఉత్సాహము సులభముగా ఊహకు వచ్చును. నేటి టెలివిజన్ నాటికలో నాయికా నాయకులు వాగ్వాదము చేయుచుండగా ప్రేక్షకులు సంతోషించుట ఈ రుచికి కొనసాగింపే యని మా తలంపు.

ఇక ప్రసార యంత్రముల యుగము. ధారావాహిక నాటకమును ఆ దేశపు ఇండ్లలోనికి తొలుత తెచ్చినది రేడియోయే యనుట మా వంటివారికి ముదావహము. 1949లో డి.జెడ్.ఆర్.హెచ్. కేంద్రము నుండి ‘గులోంగ్ నంగ్ పలాద్’, అనగా ‘విధిచక్రము’, అను నాటకమాల ప్రసారమైనది. దాని రచయిత్రి లీనా ఫ్లోర్. 1953 అక్టోబరు 23వ తేదీన మనీలాలో టెలివిజన్ ప్రసారము ప్రారంభమైనది.

ఈలోగా చలనచిత్ర నిర్మాతలు ఒక రహస్యమును కనుగొనిరి. కథకంటె జంట ముఖ్యము. ఇద్దరు నటులను జతపరచి, చిత్రము వెంట చిత్రముగా అదే జతను చూపినచో ప్రజలు ఆ జంటను తమ ఇంటివారివలె పెంచుకొందురు. ఈ పద్ధతిని అచ్చట ‘లవ్ టీమ్’ అందురు. 1950 ప్రాంతమున నీడా బ్లాంకా, నెస్టర్ దె విల్యా అట్టి జంట. 1970 ప్రాంతమున నోరా ఔనోర్–తిర్సో క్రూజ్, విల్మా శాంతోస్–ఎడ్గార్ మోర్టిజ్ జంటల అభిమానులు రెండు శిబిరములుగా చీలి, తమలో తాము పోట్లాడుకొనిరి. వీరిలో నోరా ఔనోర్ పేద కుటుంబమున పుట్టి, గానపు పోటీలో గెలిచి పైకి వచ్చినది, చామనచాయ గలది. తెల్లని మేనిచాయకే పట్టము కట్టుచుండిన చిత్రసీమలో ఆమె విజయము సామాన్యజనుల విజయముగా భావింపబడినది. 2025 ఏప్రిల్‌లో ఆమె మరణించినపుడు ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. పేదపిల్ల పెద్దలసభలో తలయెత్తి నిలుచుట యను కోరిక నాటికలలో మొలకెత్తుటకు ముందే నటీమణుల జీవితములలో కనబడినదన్నమాట.

1972లో సైనిక శాసనము విధింపబడగా ప్రయివేటు ప్రసార కేంద్రములు పెక్కు మూతపడెను. 1986లో ప్రజా ఉద్యమమువలన ఆ పాలన అంతమైన తరువాత కేంద్రములు మరల పోటీపడసాగినవి. ఆ పోటీలో యువజనులు ప్రధానమైన ప్రేక్షకవర్గమైరి. 1995లో జి.ఎం.ఎ. కేంద్రము ‘టి.జి.ఐ.ఎస్.’ను, మరుసటి ఏట ఏ.బి.ఎస్.–సి.బి.ఎన్. కేంద్రము ‘గిమిక్’ను, 1999లో ‘తబింగ్ ఇలోగ్’ను ప్రారంభించినవి. ఇవి మిత్రబృందముల కథలు. ఇందు ప్రేమలు, అలకలు కలవు కాని, వైరమే కథకు వెన్నెముక కాలేదు.

ఆ మార్పు 2003లో వచ్చినది. తైవాను దేశమున 2001లో నిర్మింపబడిన ‘మెటియోర్ గార్డెన్’ అను నాటకమాల తగలోగ్ మాటలతో ఆ యేడు ప్రసారమై దేశమును ఉర్రూతలూగించెను. దానికి మూలము 1992లో ఆరంభమైన జపాను చిత్రకథ. రచయిత్రి కమియో యోకో. ధనికుల విద్యాలయమున చేరిన పేదపిల్ల షాన్ చాయ్. అచ్చట నలుగురు శ్రీమంతుల బిడ్డలు ఎఱ్ఱచీటి అంటించి ఎవరినైన వెలివేయింపగలరు. ఆమెకును ఎఱ్ఱచీటి వచ్చును. ఆమె ఏడ్చి వెడలిపోవుటకు మారుగా, నాయకుడైన దావ్ మింగ్ సును ఎదిరించి కొట్టును. తన్నెదిరించిన తొలి మనిషి ఆమెయే కావున అతడు ఆమెను ప్రేమించును.

ఈ కథ ఫిలిప్పీన్సువారికి ఎందులకు అంతగా నచ్చినది? ప్రహరీగోడలు గల శ్రీమంతుల పేటలు, వాని ప్రక్కనే రేకుల ఇండ్లు మనీలా నగరమున కన్నులకు కట్టునట్లు కనబడును. ఈ ఇరుతెగలవారును నిత్యజీవితమున కలిసికొనునది యజమానులుగను సేవకులుగను మాత్రమే. సేవకుడు యజమానితో పోట్లాడడు. కావున పేదపిల్ల శ్రీమంతుని ముఖముమీద గట్టిగా ఒకమాట అనుట వారికి కేవలము ప్రణయ కలహము కాదు. అది ఒక సమానతా ప్రకటన. మన సామెత ప్రకారము వియ్యమునకు చాలని సమత్వమును ఆమె ముందుగా కయ్యమున సంపాదించుచున్నది.

ఈ సూత్రము ఆ దేశపు మట్టిలో వేరుదన్నుటకు మంచి నిదర్శనము 2014 అక్టోబరు నుండి 2015 మే వరకు ప్రసారమైన ‘ఫరెవర్‌మోర్’. లీజా సొబెరానో, ఎన్రీకే గిల్ అందు నాయికా నాయకులు. హోటళ్ల యజమాని కుమారుడైన జాండర్ గొడుగు కట్టుకొని ఎత్తునుండి దూకు వినోదమున, ఆగ్నెస్ అను రైతుపిల్ల యొక్క స్ట్రాబెర్రీ పండ్ల బండిని నాశనము చేయును. నష్టము తీర్చుటకు అతడు బెంగెత్ కొండలలోని ‘లా ప్రెసా’ అను పల్లెలో ఉండి, ఆ తోటలలో కూలిపని చేయవలసివచ్చును. ఆగ్నెస్ అతనిచేత పని చేయించును, తప్పు చేసిన మందలించును. శ్రోతలీపాటికి గ్రహించియే యుందురు: ఇది పాత పనినిల్బిహానే. నీరు తోడి కట్టెలు కొట్టిన పూర్వపు వరుని స్థానమున, మడిలో మోకరిల్లి స్ట్రాబెర్రీలు కోయు శ్రీమంతుని బిడ్డ నిలిచినాడు. వైరము ప్రేమగా మారుట ఒక చూపుతో జరుగలేదు. పనిదినముల లెక్కతో జరిగినది. ఆ నాటకమును చూచి యాత్రికులు ఆ కొండకు తండోపతండములుగ పోగా, అది రక్షితారణ్యమును జలాధారమును అగుటచే అధికారులు రాకపోకలను నిరోధింపవలసి వచ్చినది. కల్పితకథ నిజమైన నేలను త్రొక్కిన తీరది.

అదే కాలమున కథలు పుట్టు చోటును మారినది. కెనడాలో 2006లో స్థాపితమైన ‘వాట్‌ప్యాడ్’ అను అంతర్జాల వేదికపై ఫిలిప్పీన్సు యువతులు, పాఠశాల బాలికలు సయితము, తమ నవలలను ప్రకరణము వెంట ప్రకరణముగా వ్రాయసాగిరి. తోటివారు చదివి తమ అభిప్రాయములు వెంటవెంటనే చెప్పసాగిరి. 2014లో ‘డైరీ నంగ్ పంగెత్’, ‘షీజ్ డేటింగ్ ది గ్యాంగ్‌స్టర్’ అను చిత్రములు ఇట్టి నవలలనుండియే వచ్చినవి. రెండును జగడమునుండి ప్రేమకు నడచునవే. 2020 మే నెలలో అనుమతికాలము ముగిసి, జూలైలో శాసనసభా సంఘము 70 – 11 ఓట్లతో నూతన అనుమతిని నిరాకరించుటచే ఏ.బి.ఎస్.–సి.బి.ఎన్. ఆకాశ ప్రసారము నిలిచిపోగా, ఆ సంస్థ తన నాటకములను అంతర్జాలమునకు మరల్చినది. 2021లో అట్లు వెలువడిన ‘హీజ్ ఇన్‌టు హర్’ కూడ వాట్‌ప్యాడ్ నవలయే. పల్లెనుండి మనీలాకు వచ్చి శ్రీమంతుల పాఠశాలలో చేరిన మాక్స్‌పెయిన్, బంతియాటలో మేటియై పొగరెక్కిన డైబ్ అను యువకుని లెక్కచేయక ఎదిరించుట దాని ఆరంభము. మాక్స్‌పెయిన్‌గా నటించిన బెల్ మారియానో 2022లో సియోల్ అంతర్జాతీయ నాటకోత్సవమున పురస్కారమును పొందినది.

ఇంతవరకు ఈ కథాసూత్రము యొక్క మేలు చెప్పితిమి. కీడును దాచుట న్యాయము కాదు. కలహించుటకు సమత్వము కావలెనన్న మాట నిజమే. కాని పీడించుట కలహము కాదు. తోటి బాలికను పదిమందిలో అవమానించుట, వెంటబడుట, చేయిపట్టి లాగుట: ఇట్టివానిని ‘లోపల ప్రేమ యున్నది కాబట్టియే’ యని సమర్థించు కథలు కూడ ఈ కోవలో పెక్కు కలవు. “ఎంత ద్వేషమో అంత ప్రేమ” యను అర్థము గల నానుడి ఆ దేశమున అందరి నోటను నానుచున్నది. పదునాలుగేండ్ల బాలిక ఆ మాటను నమ్మినచో, తన్ను బాధించువాని క్రౌర్యమును అనురాగ చిహ్నముగా పొరబడదా? ఆ దేశపు శాసనకర్తలు మాత్రము పొరబడలేదు. 2013లో పాఠశాలలలోని పీడనమును నిరోధించు చట్టము, 2019లో వీధులందును విద్యాలయములందును అంతర్జాలమునందును స్త్రీలను వేధించుటను శిక్షించు చట్టము వెలువడినవి. తెరమీది నాయకుని తొలి ప్రకరణములలోని చేష్టలు కొన్ని ఈ చట్టముల క్రిందికి వచ్చునవే.

మరియొక మూల్యము నటులు చెల్లించునది. కథలో కలిసిన జంట బయటకూడ కలిసియుండవలెనని అభిమానులు పట్టుబట్టుదురు. వ్యాపారము ఆ పట్టును పెంచును. 2011లో ‘గ్రోయింగ్ అప్’ అను నాటకమున జతపడిన కాథ్రిన్ బెర్నార్డో, డానియేల్ పడిల్యా 2023 నవంబరులో తాము విడిపోతిమని ప్రకటించినపుడు, అది దేశమంతటను ముఖ్యవార్తయైనది. ఫరెవర్‌మోర్ నాయిక లీజా సొబెరానో అదే సంవత్సరమున, తన నటజీవితమంతయు దాదాపు ఒకే జోడీతో గడచినదని, తన మాటకు చోటు చాలలేదని బహిరంగముగా చెప్పినది. తెరమీద ఎదురుమాట చెప్పి జనుల మన్ననలందిన బాలికకు, తెరవెనుక ఎదురుమాట చెప్పుటకు ఇన్ని యేండ్లు పట్టినది. ఈ వైపరీత్యము ఆలోచింపదగినది.

కావున మంచి కథను చెడ్డకథనుండి వేరుచేయు గీటురాయి ఏది? మాకు తోచినంతలో చరిత్రయే దానిని అందించుచున్నది. మొరో-మొరోలో వైరము ఒకరి లొంగుబాటుతో ముగిసెడిది. అది విజేత చెప్పుకొనిన కథ. బలగ్తాస్ కావ్యమున కట్లు తెగగోసిన చేతివలన వైరము తొలగినది. పనినిల్బిహాన్ ఆచారమున కోరినవాడు తన శ్రమతో యోగ్యతను నిరూపించుకొనవలెను. అంతవరకు కాదనుటకు కన్యకు చోటు కలదు. నేటి నాటికలో నాయకుడు తాను చేసిన కీడునకు వెల చెల్లించుచున్నాడా? నాయికకు చివరివరకు ‘వలదు’ అను స్వాతంత్ర్యము కలదా? ఈ రెండు ప్రశ్నలకును ఔనన్న సమాధానము వచ్చినచో ఆ కలహము సమానుల కలహము, ఆ ప్రేమ సమానుల ప్రేమ. రానిచో, ఎంత కిలిగ్ కలిగించినను అది పాత మొరో-మొరోయే. ఓడిన పక్షము మాత్రము మారినది.

రేకుల ఇంటిలో కూర్చుండి ఆ నాటకమును చూచు బాలిక ధనికుడైన వరుడు దొరకవలెనని మాత్రమే కోరుచున్నదని మేము తలపము. తన మాటకు ఎదుటివాడు ఆగి జవాబు చెప్పవలెనని ఆమె కోరిక. మేము ప్రారంభమున చెప్పిన తీరని ప్రశ్న అదియే. కయ్యమునకు సమ ఉజ్జీగా అంగీకరింపబడనివారు వియ్యమునకు ఎన్నడును సమ ఉజ్జీలు కాజాలరను సత్యమును మన సామెత ఒక్క వాక్యమున చెప్పినది. ఫిలిప్పీన్సు నాటికలు దానిని వందల ప్రకరణములలో, నవ్వుచు నవ్వించుచు, చెప్పుచున్నవి.